మామూలు కెమెరాతో తోకచుక్క ఫొటో తీయడం ఎలా?

ప్రశ్న: 2024 అక్టోబరు మధ్యలో త్సుచిన్‌షాన్-అట్లాస్ తోకచుక్కను ఫొటో తీయాలని మూడు సాయంత్రాలు ఆర్కే బీచికి వెళ్లాను. నా దగ్గర పాత డీఎస్‌ఎల్‌ఆర్, దానితో పాటే వచ్చిన 18-55 మి.మీ. జూమ్ లెన్సు ఉన్నాయి. లెన్సును 55 దగ్గర ఉంచి, కెమెరాను పిట్టగోడకు ఆనించి, 30 సెకన్ల ఎక్స్‌పోజరు ఇచ్చాను. అంతా తెల్లటి మసక, అందులో పుల్లల్లా సాగిన చుక్కలు తప్ప ఏమీ రాలేదు. ఈసారి తోకచుక్క వచ్చేలోగా ఖరీదైన లెన్సు కొనుక్కోవాలా?
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: కొనవద్దు. మీ కెమెరా, ఆ లెన్సు ఈ పనికి చాలు. అన్నిటికన్నా పెద్ద పొరపాటు మీరు నిలబడిన చోటులో ఉంది. తోకచుక్కలు సాధారణంగా సూర్యుడికి దగ్గరగా వచ్చినప్పుడే బాగా వెలుగుతాయి కాబట్టి, అవి ఎక్కువగా తెల్లవారుజామున తూర్పు దిక్కునో, మునిచీకటి వేళ పడమటి దిక్కునో, నేలకు దగ్గరగా కనిపిస్తాయి. మీరు చెప్పిన తోకచుక్క సెప్టెంబరు 27న సూర్యుడిని సమీపించింది. ఆ రోజుల్లో అది వేకువన తూర్పున, అంటే సముద్రం మీద ఉండేది. అప్పుడు మీ బీచి సరైన చోటే. అక్టోబరు రెండో వారం తరువాత అది సాయంత్రపు పడమటి ఆకాశానికి మారింది. బీచిలో నిలబడి పడమటికి తిరిగితే ఎదురుగా ఉండేవి నగరపు మేడలు, దీపాలే. పైగా 17వ తేదీన పౌర్ణమి. ఆ తెల్లటి మసకలో అధిక భాగం వాటిదే.

కాబట్టి వేకువ తోకచుక్కకు రుషికొండ వైపో భీమిలి వైపో తీరానికి వెళ్లండి. రేవు బయట లంగరు వేసిన ఓడల దీపాలు ఫ్రేములోకి రాకుండా మాత్రం చూసుకోండి. సాయంత్రపు తోకచుక్కకు పడమటి దిగంతం తెరిపిగా ఉన్న చోటు కావాలి. చేయి చాచి పట్టుకున్న పిడికిలి ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. ఎదుటి కొండ అంతకన్నా ఎత్తు కనిపిస్తే ఆ చోటు వదిలేయడం మంచిది. చీకటి దొరుకుతుందని అరకు లోయకు పరుగెత్తేవారు ఈ లెక్క మరచిపోతారు. లోయ అడుగున నిలబడితే తోకచుక్క కొండల వెనకే అస్తమిస్తుంది. మన అక్షాంశంలో సంధ్యాసమయం తక్కువ. సూర్యాస్తమయం తరువాత 40 నిమిషాల నుంచి గంటంబావు వరకు ఉన్న వ్యవధినే వాడుకోవాలి.

ఇక చుక్కలు సాగడం. భూభ్రమణం వల్ల ఆకాశం గంటకు 15 డిగ్రీలు కదులుతుంది. మీరు ఇచ్చిన 30 సెకన్లలో నక్షత్రం నిండు చంద్రుడి వెడల్పులో దాదాపు నాలుగో వంతు జరిగిపోతుంది. 55 దగ్గర ఆ జరుగుడు స్పష్టంగా కనబడుతుంది. 500ను లెన్సు ఫోకల్ లెంగ్తుతో (లెన్సు మీద కనిపించే 18, 55 వంటి అంకెతో) భాగించి, మీవంటి చిన్న సెన్సరు కెమెరా అయితే వచ్చినదాన్ని మళ్లీ ఒకటిన్నరతో భాగించడం ఫొటోగ్రాఫర్ల వాడుక లెక్క. దాని ప్రకారం 55కు 6 సెకన్లు, 18కి 18 సెకన్లు గరిష్ఠం. నేనైతే 18 దగ్గర 10 సెకన్లు, ఎఫ్/3.5 (లెన్సు రంధ్రం పూర్తిగా తెరిచి), ఐఎస్ఓ (వెలుగును పట్టే సున్నితత్వం) 1600తో మొదలుపెట్టి, సంధ్య వెలుగు ఇంకా ఉంటే 2 సెకన్లకు తగ్గిస్తాను. స్టాండు లేకపోతే గుడ్డసంచిలో రెండు కిలోల బియ్యం పోసి, దాని మీద కెమెరాను కుదురుగా నొక్కి ఉంచండి. మీట వేలితో నొక్కకుండా 2 సెకన్ల టైమరు వాడండి.

ఎక్కువ ఆకాశాన్ని చూపే 18 దగ్గర తోకచుక్క చిన్నదిగా వస్తుందని నిరుత్సాహపడకండి. 1858 సెప్టెంబరు 27న ఇంగ్లండులో విలియం అషర్‌వుడ్ అనే ఫొటోగ్రాఫరు, మనుషుల బొమ్మలు తీసే పోర్ట్రెయిట్ లెన్సుతో 7 సెకన్లలో డొనాటి తోకచుక్కను తోకతో సహా పట్టాడు. మరునాడు అమెరికాలోని హార్వర్డులో పెద్ద టెలిస్కోపుకు ఫొటో పడే గాజు ప్లేటు అమర్చి 6 నిమిషాలు తెరిచి ఉంచితే తల భాగం మాత్రమే పడింది. మీ ఊరికి ఆకాశ పరిశీలన కొత్తేమీ కాదు. 1840లో గోడే వెంకట జగ్గారావు డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో ఖగోళ వేధశాల నెలకొల్పాడు.

ఏసీ గదిలోంచి కెమెరాను నేరుగా సముద్రపు గాలిలోకి తెస్తే అద్దం మీద చెమ్మ పట్టి చిత్రం మసకబారుతుంది. అరగంట ముందే సంచితో సహా బయట ఉంచండి.

ఆటోఫోకస్ చీకట్లో తడుముకుంటుంది, దాన్ని ఆపేయండి. వెనుక తెరలో ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని పది రెట్లు పెద్దది చేసి, అది చిన్న బిందువయ్యేదాకా లెన్సు రింగును తిప్పి, అక్కడే టేపు అంటించండి. ఏ తోకచుక్కా లేని చలికాలపు రాత్రి కృత్తికల మీద దీన్ని సాధన చేయవచ్చు. ఆ గుంపు ఒకే మబ్బులా కాక ఆరేడు విడివిడి చుక్కలుగా పడితే మీ టేపు సరైన చోటే ఉన్నట్టు.