పందికి గచ్చు వద్దు, నేల కావాలి

రెండెకరాల తోట ఉంది, షెడ్డు కట్టకుండా పందుల్ని పెంచితే గిట్టుబాటవుతుందా అని అడిగారు. అవుతుంది. మాది ఒడిశాలో గుణుపురం దగ్గర, వంశధార ఒడ్డు. మామిడి తోటలోనే పెంచుతున్నాం. కానీ మొదలుపెట్టేముందు ఒక రాత్రి సంగతి వినండి.

మొదట నేనూ గచ్చు షెడ్డే కట్టాను. మా యార్క్‌షైర్ జాతి పంది ఈనే ముందురోజు సాయంత్రం నుంచి ముట్టెతో గచ్చును రుద్దుతూనే ఉంది. ముందుకాళ్లతో గీరుతుంది, గోడ దాకా వెళ్తుంది, ఖాళీ నోటితో ఏదో తెచ్చి పరుస్తున్నట్టు వెనక్కి వస్తుంది. తెల్లారేసరికి ముట్టె చర్మం లేచి నెత్తురు కారుతోంది. జబ్బేమోనని నాకు ఒకటే టెన్షన్. తోట పనికి వచ్చే సవర తెగ ముసలమ్మ చూసి, "గూడు కట్టుకుంటంది బాబూ, ఇంత గడ్డి పడెయ్యి" అంది. అప్పటికే ఈనడం మొదలైంది. తొమ్మిది పిల్లల్లో మూడు తల్లి కిందే నలిగి చచ్చిపోయాయి. మిగతావి రెండు వారాలకే చెవులు పాలిపోయి నీరసపడితే ఐరన్ ఇంజెక్షన్లు వేయించాను. తల్లిపాలలో ఐరన్ చాలదు. బయట తిరిగే పిల్లలకి మట్టిలోంచి కొంత అందుతుంది.

రెండో ఈతకి దాన్ని తోటలో ఉంచాను. చూలు 114 రోజులు, ఒకటి రెండు రోజులు అటూ ఇటూ. ముందే ఎండుగడ్డి మోపు వేశాను. మామిడి మొదట్లో గుంట తవ్వుకుంది. నోటినిండా గడ్డి కరుచుకొచ్చి చుట్టూ గట్టులా పేర్చింది. అందులో రెండుమూడు సార్లు తిరిగి, మెల్లగా ముందుకాళ్లు మడిచి పడుకుంది. పది పిల్లలు, పదీ బతికాయి. ఆ వారమే గచ్చు పగలగొట్టించాను.

తోటలో పెంచమన్నానని ఊరి మీద వదిలేయకండి. అలా వదిలేసేవాళ్ల వల్లే మా ఇంటికొచ్చిన చుట్టాలు మంచినీళ్లు ముట్టరు. ఊళ్లో మలం తింటూ తిరిగే పంది అంటే రోత. కానీ బద్దెపురుగు (పేగుల్లో పెరిగే టేప్‌వార్మ్) గుడ్లు పందికి చేరేది మనిషి మలంలోంచే. బహిర్భూమికి పొలాల్లోకి వెళ్లేది మనం, చెడ్డపేరు పందికి!

తోటను నాలుగు మడులు చేసి గట్టి దడి కట్టండి. పందులు ఒక మడి తవ్వేశాక ఇంకోదానికి మార్చండి. తవ్వకుండా ముట్టెకి తీగ గుచ్చుతారు కొందరు, ఆ పాపం చేయకండి. పందికి చెమట పట్టి ఒళ్లు చల్లబడదు కాబట్టి నీడ, బురదగుంట ఉండాలి. 2020లో అస్సాం వైపు ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే పందుల్ని చంపే జ్వరం బయటపడ్డాక హోటల్ మిగుళ్లు పూర్తిగా మానేశాను. మాంసం ముక్కల ద్వారా కూడా అంటుకునే ఆ జబ్బుకి మందు లేదు. తవుడు, ఉడకబెట్టిన దుంపలు, రాలిన పనసపండ్లతోనే మావి పెరుగుతున్నాయి.

షెడ్డు పందికన్నా బరువు పట్టడం ఆలస్యమే. అందుకని రెండు ఆడపందులతో మొదలుపెట్టండి. గడ్డి మోపు మాత్రం ఈనే రోజుకి ముందే తెచ్చి పెట్టుకోండి.