బుజ్జమ్మకి సెలైన్ ఎక్కించే ముందు

అమ్మలూ,

నువ్వు పంపిన మీ పిల్లి బుజ్జమ్మ రక్తం రిపోర్టు చూశాను. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ 3.2 ఉందని రాత్రంతా ఏడ్చావని మీ అమ్మ చెప్పింది. పిల్లుల్లో అది 2.9 నుంచి 5 మధ్య ఉంటే కిడ్నీ జబ్బు మూడో దశ అంటారు, మొత్తం నాలుగు దశల్లో. చిన్న జబ్బేమీ కాదు, పాడైన కిడ్నీ మళ్ళీ బాగుపడదు. అయితే ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ అంకె ఇంకాస్త పెరిగి కనిపిస్తుంది. అందుకే డాక్టరు గారు సెలైన్ పెట్టాక మళ్ళీ రక్తం తీద్దామన్నారు. ఈ జబ్బున్న పిల్లుల్ని నేను పెంచాను తల్లీ. అది తినేలా, తాగేలా చూడు. మిగతావన్నీ ఆ తరవాతే.

ముందు తిండి సంగతి. వేట నిషేధం రోజుల్లో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, పచ్చి చేప దొరక్క ఎండు నెత్తళ్ళు అలవాటు చేశామన్నావు. అవి ఇవాళే ఆపెయ్. ఉప్పు ఒకటి, ముళ్ళతో సహా తింటుంది కాబట్టి ఫాస్ఫరస్ ఇంకొకటి. కిడ్నీ జబ్బులో అసలు శత్రువు ఆ ఫాస్ఫరస్సే. డాక్టరు గారు రాసిన కిడ్నీ ఫుడ్ ఒక్కసారిగా పెడితే మూతి తిప్పుకుంటుంది. పాత తిండిలో చెంచాడు కలుపుతూ కొన్ని వారాల మీద మార్చు. కాస్త వెచ్చబెట్టు, వాసనకి లేస్తుంది. వాంతులవుతున్న రోజున కొత్త తిండి రుచి చూపించకు. ఆ వికారానికి అదే కారణమనుకుని ఇక దాని జోలికి రాదు. వికారానికి మందుంది, అడిగి రాయించుకో. ఏదీ ముట్టకపోతే మాత్రం కిడ్నీ ఫుడ్డే తినాలని పంతం పట్టకు, ఉడికించిన చికెనైనా సరే తిననీ. రోజంతా ఏమీ తినకపోతే డాక్టరుకి ఫోన్ చెయ్యాల్సిందే, రోజుల తరబడి పస్తుంటే పిల్లికి లివర్ కూడా దెబ్బతింటుంది.

చలవ చేస్తుందని మీ అత్తగారు పెరుగన్నం పెట్టమంటున్నారట. పెద్దావిడ ప్రేమకొద్దీ అంటారు, నెమ్మదిగా చెప్పు. పిల్లికి మాంసం లేకపోతే గడవదు, పెరుగులోనూ ఫాస్ఫరస్ ఉంటుంది. కొబ్బరి నీళ్ళు కూడా డాక్టరుని అడక్కుండా పొయ్యకు, వాటిలో పొటాషియం ఎక్కువ.

నీళ్ళు ఇంట్లో రెండు మూడు చోట్ల వెడల్పు గిన్నెల్లో పెట్టు. మన విశాఖ ఉక్కపోతలో పొద్దునా సాయంత్రం మార్చు. పక్క తడుపుతోందని రాత్రిళ్ళు గిన్నె తీసేస్తానన్నావు, ఆ పని మాత్రం చెయ్యకు! నీళ్ళు ఒంట్లో నిలుపుకునే శక్తి దాని కిడ్నీలకి పోయింది, తాగకపోతే ఒక్క రాత్రిలోనే నీరసపడిపోతుంది. ఇసుక ట్రే ఇంకోటి కొని మంచం పక్కనే పెట్టు.

ఇక నువ్వు భయపడుతున్న సెలైన్, ఇంట్లోనే చర్మం కింద ఎక్కించేది. ఎంత, ఎన్ని రోజులకోసారి అన్నది డాక్టరు గారు చెప్పినట్టే. సీసాని గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచి, నీ మణికట్టు మీద రెండు చుక్కలు వేసుకుని చూడు. బుజ్జమ్మని తువ్వాలులో ఒళ్ళో కూర్చోబెట్టుకో. రెండు భుజాల మధ్య చర్మం పైకి లాగితే గుడారంలా లేస్తుంది. సూది ఏటవాలు మొన పైకి ఉండేలా, ఆ గుడారం మొదట్లోకి ఒక్కసారిగా పోనియ్. మెల్లగా గుచ్చితేనే నొప్పి. ట్యూబ్ చక్రం వదిలాక భుజం దగ్గర ఉబ్బు వస్తుంది, ఒక పక్కకి కాలి దాకా జారుతుంది. కంగారు పడకు, కొన్ని గంటల్లో ఒంట్లోకి ఇంకుతుంది. సూది తీశాక ఆ చోట ఒక నిమిషం వేళ్ళతో నొక్కి పట్టుకో. ప్రతిసారీ కొత్త సూదే వాడు. ముందుసారి ఉబ్బు ఇంకా అలాగే ఉన్నా, ఆయాసపడుతున్నా మళ్ళీ ఎక్కించకుండా ఫోన్ చెయ్.

ఉన్నట్టుండి గోడలకి గుద్దుకుంటూ, కంటిపాపలు పెద్దవై కనిపిస్తే అది బీపీ. తెల్లారేదాకా ఆగకు, చూపు పోతుంది. మెడ వాల్చేసి నడుస్తుంటే పొటాషియం తగ్గిందేమో చూపించు. మన పారాసిటమాల్ ఒక్క మాత్ర చాలు పిల్లి ప్రాణం తియ్యడానికి, మన నొప్పి మాత్రలు ఏవీ దాని దరికి రానివ్వకు. ఫినైల్‌తో ఇల్లు తుడవడం కూడా మానెయ్, పాదాలు నాక్కుంటుంది కదా.

వారానికోసారి దాన్నెత్తుకుని తూకం మిషనెక్కు, తరవాత నువ్వొక్కదానివే ఎక్కి తీసెయ్. క్యాలెండర్ మీద రాసిపెట్టు. బరువు తగ్గుతున్న సంగతి చూపుకి ఆనదు. హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబర్‌లో మన ఊళ్ళో కరెంటూ నీళ్ళూ లేక ఎన్ని అవస్థలు పడ్డామో నీకూ గుర్తే. తుఫాన్ల నెలల్లో సెలైన్, సూదులు, మందులు ముందే తెచ్చి పెట్టుకో.

ఒకరోజు ఏది పెట్టినా తినక, నిన్ను చూసి మంచం కింద దూరితే సూది పక్కన పెట్టు. ఇంకా ఎక్కించడం దానికి మంచిదేనా అని డాక్టరు గారిని సూటిగా అడుగు. నొప్పి లేకుండా పంపించడం గురించి ఆయన చెబితే విను. అది పాపమని ఎవరేమన్నా నేనొప్పుకోను.

ఆదివారం వస్తాను. మొదటిసారి సూది నువ్వే గుచ్చాలి, నేను పక్కనుండి పట్టుకుంటాను. సీసా, ట్యూబ్, సూదులు తెప్పించి ఉంచు. యూరిన్‌లో ప్రోటీన్ పరీక్ష రిపోర్టు వస్తే ఈలోగా ఫోన్‌లో పంపు.

మీ పెద్దమ్మ