తీరం ఉత్తరాలు: గాల్వెస్టన్ బేకి ఏ పడవ?

ప్రశ్న: బాబాయి గారికి నమస్కారం. మేము హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాం. కొన్నేళ్లుగా సెలవు దొరికినప్పుడల్లా టెక్సస్ సిటీ డైక్ (బేలోకి సాగిన పొడవాటి కట్ట) మీద నిలబడి గాలం వేస్తున్నాను. ఇక సొంత పడవ కొనాలని ఇంట్లో అందరం అనుకున్నాం. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, అప్పుడప్పుడు ఒక మిత్రుడు. మాకు ఉన్నది టయోటా సియన్నా. మూడు పడవలు చూసి పెట్టాను. ఒకటి 17 అడుగుల బోస్టన్ వేలర్ మాంటాక్, వాడినది, 90 హార్స్‌పవర్ మోటారు ఉంది. రెండోది 22 అడుగుల కొత్త బే బోటు, 200 హార్స్‌పవర్. మూడోది 21 అడుగుల టన్నెల్ బోటు, అదీ వాడినదే. ఆరు అంగుళాల నీళ్లలో కూడా తేలుతుందని అమ్మే ఆయన అంటున్నారు. బ్రోషర్లు పక్కపక్కన పెట్టుకుని అంకెలన్నీ పోల్చాను. ఏమీ తేలడం లేదు. మీరైతే ఏది కొంటారు?
– ఒక పాఠకుడు, కేటీ, టెక్సస్

జవాబు: మాంటాక్ కొంటాను, మోటారును మెకానిక్ చేత చూపించిన తరువాత. ఇంత సూటిగా చెప్పడానికి కారణం మీ ఉత్తరంలోనే ఉంది. పడవల గురించి మీరు పది వాక్యాలు రాశారు, సియన్నా గురించి ఒక్క వాక్యం. నేను మొదట చదివింది ఆ ఒక్క వాక్యమే.

సియన్నా లాగగలిగే బరువు 3,500 పౌన్లు. ఇప్పుడు 22 అడుగుల బోటు లెక్క చూడండి. ఆ పొడవు బోట్ల ఒట్టి బరువు దాదాపు 2,400 పౌన్లు. 200 హార్స్‌పవర్ మోటారు అయిదు వందలకు కొంచెం తక్కువ. పెట్రోలు గ్యాలన్‌కు ఆరు పౌన్లు, 50 గ్యాలన్లు నింపితే 300. ట్రైలర్ వెయ్యికి దగ్గర. బ్యాటరీలు, లంగరు, ఐస్ పెట్టె, గాలాలు కూడా కలిపితే 4,500 దాటిపోతుంది. టెక్సస్‌లో 4,500 పౌన్లు మించిన ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండాలి. మీ వ్యాన్ దాన్ని లాగడమే తగదు. ఒకవేళ లాగినా, నాచు పట్టిన ర్యాంపు మీద తడి ట్రైలర్‌ను పైకి తీసేటప్పుడు ముందు చక్రాలతో నడిచే బండి ఏమవుతుందో ఏ ఆదివారం సాయంత్రమైనా డైక్ దగ్గర నిలబడి చూడండి. అదే మాంటాక్ అయితే ఒట్టి బోటు 1,400, మోటారు 360, పెట్రోలు 150, ట్రైలర్ 700. సామానుతో కలిపినా మూడు వేల లోపే. కాబట్టి 22 అడుగుల బోటు ధర అంటే బోటు ధర ఒక్కటే కాదు, దానితో పాటు ఒక పికప్ ట్రక్కు ధర.

ఇంకొకటి. మీ కాలనీ సంఘం వారి నియమాలు చదివారా? కేటీ వైపు చాలా కాలనీల్లో ఇంటి ముందు పడవ నిలపనివ్వరు. మామూలు గ్యారేజీ లోతు 20 అడుగులు, ట్రైలర్ మీద 22 అడుగుల బోటు 25 అడుగులు దాటుతుంది. అప్పుడు నెలనెలా అద్దె కట్టి ఎక్కడో పెట్టుకోవాలి. మాంటాక్ ట్రైలర్‌కు ముందు కడ్డీ మడిచే ఏర్పాటు ఉంటే గ్యారేజీలో పట్టే అవకాశం ఉంది. టేపు తీసుకెళ్లి కొలవండి.

ఇక టన్నెల్ బోటు. అది చెడ్డ పడవ కాదు, వేరే నీళ్ల కోసం పుట్టిన పడవ. దక్షిణ టెక్సస్‌లో లగూనా మాద్రే ఉంది. సగటు లోతు మూడు నాలుగు అడుగులు, మైళ్ల కొద్దీ గడ్డి మైదానాలు. అక్కడివారు అడుగు చదునుగా, మధ్యలో సొరంగం లాంటి గాడితో పడవలు చేయించుకున్నారు. ఆ గాడి వల్ల ప్రొపెల్లర్‌కు నీళ్లు పైకి అందుతాయి, మోటారును ఎత్తి నడపవచ్చు. మా గాల్వెస్టన్ బే తీరు అది కాదు. ఇదీ లోతు తక్కువదే, సగటున ఏడు అడుగులు. కానీ విశాలం. వేసవి మధ్యాహ్నం ఆగ్నేయం నుంచి గాలి లేస్తుంది. ఆ గాలికి ఎదురుగా పాటు నీరు (పోటు తగ్గేటప్పటి నీరు) సముద్రంలోకి లాగుతుంటే అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెనుక ఒకటి ఊపిరి తిప్పుకోనివ్వకుండా వస్తాయి. నేను పుట్టి పెరిగింది కాకినాడలో. అక్కడ హోప్ ఐలాండ్ అడ్డు ఉండటం వల్ల లోపలి నీళ్లు చాలా రోజులు శాంతంగానే ఉంటాయి. ఇక్కడ ట్రినిటీ బే మధ్యలోకి వెళ్లిన వారికి అలాంటి అడ్డు ఏదీ లేదు. చదును అడుగు పడవ ఆ అలల మీద దభీ దభీమని పడుతుంది. పెద్దవాళ్లం నడుము పట్టుకుని కూర్చుంటాం. పిల్లలు రెండోసారి రామంటారు.

ఆరు అంగుళాల మాట గురించి గట్టిగానే చెప్పాలి. బ్రోషర్‌లో ఉండే లోతు, పడవ కదలకుండా తేలుతున్నప్పటి లోతు. చాలాసార్లు అది మనుషులు లేకుండా, మోటారు పైకెత్తి కొలిచింది. బయలుదేరేటప్పుడు పడవ వెనుక భాగం కిందికి కుంగుతుంది, ప్రొపెల్లర్ అంతకన్నా కిందికి ఉంటుంది. అందుకే అమ్మేవారిని ఎక్కడ తేలుతుందని అడగకండి. అయిదుగురితో, సగం ట్యాంకుతో, నిలబడిన చోటు నుంచి లేచి పరుగు అందుకోవడానికి ఎంత నీరు కావాలని అడగండి. జవాబు రెట్టింపు కంటే ఎక్కువే వస్తుంది. మాంటాక్ తొమ్మిది అంగుళాల్లో తేలుతుంది. ఆరుకూ తొమ్మిదికీ మధ్య ఉన్న మూడు అంగుళాల కోసం మీ కుటుంబం నడుములు ఇవ్వనక్కర్లేదు. పైగా ఈస్ట్ బేలో ఆయిస్టర్ గుట్టలు కత్తుల్లా ఉంటాయి. చలికాలంలో ఉత్తరపు గాలి వీచినప్పుడు బేలో నీరు సముద్రంలోకి తరలిపోయి అవి ఏకంగా బయటపడతాయి. అక్కడ లోతు తక్కువలో నడిచే పడవ ధైర్యం ఇస్తుంది, ఆ ధైర్యమే పడవ అడుగును చీల్చుతుంది.

22 అడుగుల బోటు నిజంగా మంచి ప్రయాణం ఇస్తుంది, అందులో సందేహం లేదు. అడుగు వి ఆకారంలో, వెనుక దగ్గర పదిహేను డిగ్రీల చుట్టూ వాలు ఉంటే అలను కోసుకుంటూ పోతుంది. కానీ ఒక విషయం అమ్మేవారు తమంతట తాము చెప్పరు. అమెరికాలో ఔట్‌బోర్డ్ మోటారు, అంటే వెనుక గోడకు బయట బిగించే మోటారు ఉన్న పడవ 20 అడుగుల లోపైతే, నీళ్లు నిండిపోయినా మునగకుండా, సమంగా తేలాలని చట్టం. ఎంతమంది ఎక్కవచ్చో, ఎంత బరువు మోస్తుందో చెప్పే పలక కూడా ఆ పొడవు లోపు వాటికే తప్పనిసరి. 20 దాటితే ఆ నియమం లేదు. చాలా కంపెనీలు పడవ మునగకుండా తమంతట తామే ఫోమ్ నింపుతాయి, కొన్ని నింపవు. పెద్ద పడవ కాబట్టి ఎక్కువ భద్రం అనుకోవడం మనిషికి సహజం. ఈ ఒక్క విషయంలో అది తలకిందులు. పెద్దది కొంటే ఫోమ్ సంగతి రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

బోస్టన్ వేలర్ పేరు నిలిచిందే ఈ గుణం మీద. రెండు ఫైబర్ పొరల మధ్య ఫోమ్ పోసి ఒకే ముద్దగా చేస్తారు. 1961లో లైఫ్ పత్రికలో ఫొటోలు వచ్చాయి. కంపెనీ స్థాపకుడు రిచర్డ్ ఫిషర్ పడవలో కూర్చుని ఉండగా దాన్ని మధ్యకు రంపంతో కోశారు. మోటారున్న సగంలో ఆయన నడుపుకుంటూ వెళ్లిపోయారు. మాంటాక్‌కు లోపం లేదని కాదు. పక్కలు పొట్టి, ఎదురుగాలిలో తడుస్తారు. అయిదుగురు పెద్దవాళ్లకు ఇరుకు. మీ నలుగురికి చాలు. మిత్రుడు వచ్చిన రోజు ఇంట్లో ఒకరు ఆగాలి.

అంకెలు పోల్చాలనే మీ పట్టుదల నాకు నచ్చింది. అయితే బ్రోషర్లు వదిలేసి మోటారు కంపెనీల పరీక్ష నివేదికలు చూడండి. యమహా, సుజుకీ, మెర్క్యురీ అలాంటివి ప్రచురిస్తాయి. ఏ పడవకు ఏ మోటారు బిగించి, ఎంతమందితో, ఎంత పెట్రోలుతో, మోటారు నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగేటప్పుడు ఎంత వేగం, గ్యాలన్‌కు ఎన్ని మైళ్లు, అన్నీ ఉంటాయి. ఆ పరీక్షల్లో చాలాసార్లు ఎక్కేది ఇద్దరే, ఆ తేడా మనసులో పెట్టుకోండి.

తరువాత నీళ్ల మీద నడపందే డబ్బు ఇవ్వకండి. అమ్మేవారు పొద్దున ఏడు గంటలకు రమ్మంటారు, అప్పుడు బే అద్దంలా ఉంటుంది. మధ్యాహ్నం మూడింటికి, గాలిలో, మీ నలుగురూ ఎక్కి నడపండి. ఎదురుగాలిలోకి ఒకసారి, గాలి పక్క నుంచి తగిలేలా ఒకసారి. పూర్తి థ్రాటిల్ ఇచ్చినప్పుడు మోటారు తన పుస్తకంలో రాసిన చుట్లను అందుకుంటుందో లేదో చూడండి. ఉదాహరణకు యమహా 115కు అది 5,300 నుంచి 6,300. అందుకోకపోతే ప్రొపెల్లర్ సరిపోవడం లేదు, లేదా పడవ బరువెక్కింది. ఫోమ్ నీళ్లు తాగిన పాత పడవ ఇలా కూడా బయటపడుతుంది. మాంటాక్ విషయంలో ఇది ముఖ్యం. ఆ ఫోమ్‌లోకి నీరు ఎక్కితే తేలికగా బయటికి రాదు. వీలైతే తూకం వేయించండి.

ఒడ్డున చూడవలసినవి కొన్ని. మోటారు కింది భాగాన్ని రెండు చేతులతో పైకి, కిందికి ఊపండి. మోటారు బిగించిన వెనుక గోడ దానితో పాటు వంగకూడదు. గేరు నూనె పాలలా తెల్లగా ఉంటే లోపలికి నీరు చేరుతోంది. అన్ని సిలిండర్ల కంప్రెషన్ పది శాతం తేడా లోపల ఉండాలి. ఎవిన్‌రూడ్ మోటారుతో పడవ చవకగా వస్తే ఒక్క క్షణం ఆగండి. వాటి తయారీ 2020లో ఆగిపోయింది. ట్రైలర్ చక్రాల బేరింగులు చూడండి. ఉప్పునీటిలో మునిగి తేలిన ట్రైలర్ దారిలో ఆగడానికి ఎక్కువగా అవే కారణం.

ఇవన్నీ చేయకముందే ఒక గైడును మాట్లాడుకుని సగం రోజు వెస్ట్ బేలో, మరోరోజు శాన్ లియోన్ దగ్గర ఈగిల్ పాయింట్ వైపు తిరగండి. మీకు ఏ నీళ్లు నచ్చుతాయో తెలుస్తుంది. వెస్ట్ బే ఒడ్డుల వెంట రెడ్‌ఫిష్ కోసమే తిరుగుతానంటే, రెండేళ్ల తరువాత ట్రక్కు కొంటానంటే, నాకు మళ్లీ రాయండి. నా జవాబు మారవచ్చు.

ప్రశ్న: మా వారు పడవ కొంటానంటున్నారు. మా ఇద్దరికీ ఈత రాదు. పిల్లలకు తొమ్మిదేళ్లు, ఆరేళ్లు. వద్దంటే పిరికిదాన్ని అంటున్నారు. మీరేమంటారు?
– ఒక పాఠకురాలు, పియర్‌లాండ్, టెక్సస్

జవాబు: అమ్మా, మీరు అడిగినది పిరికితనం కాదు. పడవ కొనే ముందు అందరూ అడగవలసిన మొదటి ప్రశ్న అది. పడవ బయానా కట్టే నెలలోనే నలుగురూ ఈత తరగతుల్లో చేరాలని షరతు పెట్టండి. అది గొంతెమ్మ కోరిక కాదు.

టెక్సస్‌లో 26 అడుగుల లోపు పడవ కదులుతున్నంతసేపు 13 ఏళ్ల లోపు పిల్లలు లైఫ్ జాకెట్ తొడుక్కునే ఉండాలి. పెద్దవాళ్లకు పడవలో ఉంటే చాలంటుంది చట్టం. మీ ఇద్దరికీ అది చాలదు, ఒంటిమీదే ఉండాలి. గాలి నిండే సన్నటి జాకెట్లు 16 ఏళ్ల లోపు వారికి పనికిరావు. పిల్లలకు ఫోమ్‌వే, వాళ్ల బరువుకు సరిపోయేవి, కాళ్ల మధ్య పట్టీ ఉన్నవి కొనండి. నడిపేవారి ఒంటికి మోటారు ఆపే తాడు తగిలించి ఉండాలి. 2021 ఏప్రిల్ నుంచి 26 అడుగుల లోపు పడవలకు అది కేంద్ర చట్టం. మీ వారు 1993 సెప్టెంబరు 1న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారైతే బోటింగ్ కోర్సు తప్పనిసరి. ముందే పుట్టినా చేయమనండి, మీరూ చేయండి. ఆయన నీళ్లలో పడితే పడవను వెనక్కి తిప్పవలసింది మీరే.

హ్యూస్టన్ షిప్ చానల్, అంటే బేలో పెద్ద ఓడలు వెళ్లే దారి, దాని సంగతి ప్రత్యేకంగా చెబుతున్నాను. ఓడ వెళ్లిపోయింది కదా అనుకుంటాం. దాని అల ఆలస్యంగా వస్తుంది, లోతు తక్కువ చోట ఒక్కసారిగా లేస్తుంది. చానల్ పక్కన గుట్ట మీద లంగరు వేసి పిల్లలను ముందు భాగంలో నిలబెట్టకండి. ఓడ కనిపించగానే అందరూ కూర్చోవాలి. చలికాలపు పొగమంచులో ఆ దరిదాపులకే వెళ్లవద్దు.

ప్రశ్న: డికిన్సన్‌లో ఒకరు 2015 మోడల్ అని చెప్పి బే బోటు చాలా తక్కువకు ఇస్తున్నారు. బోటు టైటిల్ (యాజమాన్య పత్రం) చూపించారు, మోటారుకు టైటిల్ ఉండదన్నారు. తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, లీగ్ సిటీ, టెక్సస్

జవాబు: తీసుకోవద్దు, ఆ మోటారు టైటిల్ వచ్చేదాకా. టెక్సస్‌లో పడవకు ఒక టైటిల్, ఔట్‌బోర్డ్ మోటారుకు వేరే టైటిల్. మోటారు మీది నంబరు ఆ కాగితంలోని నంబరుతో కలవాలి. పడవ వెనుక కుడివైపు పై అంచున పన్నెండు అక్షరాల, అంకెల గుర్తింపు ఉంటుంది. అందులో చివరి రెండు అంకెలే మోడల్ సంవత్సరం. అక్కడ 15 ఉందో లేదో మీరే చదవండి. 2017లో హార్వీ వరదకు డికిన్సన్ ఎంత మునిగిందో మీకు తెలుసు. వైర్లు వచ్చి కలిసే చోటు విప్పించి పచ్చటి తుప్పు ఉందేమో చూడండి. ప్రైవేటుగా కొన్నా 6.25 శాతం అమ్మకం పన్ను మీదే. చాలా తక్కువ ధర అని సంబరపడే ముందు అది కూడా కలిపి లెక్క వేసుకోండి.