సీసాల పది రూపాయల కోసం నగలు తాకట్టా?

ప్రశ్న: చెన్నై పెరంబూరులో మా ఆయనకు కాయలాన్ కొట్టు, అంటే పాత సామాన్లు కొనే కొట్టు ఉంది. టాస్మాక్ (తమిళనాడు ప్రభుత్వ మద్యం దుకాణాలు) సీసా మీద 10 రూపాయలు ఎక్కువ పట్టుకుని, ఖాళీ సీసా ఇస్తే తిరిగి ఇస్తున్నారు కదా, రేపు వాటర్ బాటిళ్లకూ కూల్‌డ్రింక్ డబ్బాలకూ అదే వస్తుందని ఆయన నమ్మకం. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో ఉండే మా మరిది 2017లో ఖాళీ డబ్బాకిచ్చే రేటు పెరిగే ముందు డబ్బాలు దాచి రెట్టింపు తీసుకున్నాడట. నా నగలు తాకట్టు పెట్టి, 4 లక్షలతో గోడౌను తీసుకుని, ఇప్పట్నుంచే బాటిళ్లు పోగేద్దామంటున్నారు. ఒప్పుకోమంటారా?

జవాబు: వద్దమ్మా. నగలు బీరువాలోనే ఉండనివ్వండి.

మీ మరిది చెప్పింది అబద్ధం కాదు. ఒరెగాన్‌లో డబ్బాకు 5 సెంట్ల డిపాజిట్, అంటే కొన్నప్పుడు కట్టి ఖాళీది ఇచ్చాక వెనక్కి తీసుకునే డబ్బు, ఉండేది. తిరిగొచ్చే డబ్బాలు వరసగా రెండేళ్లు 80 శాతం దాటకపోతే దాన్ని 10 సెంట్లు చెయ్యాలని చట్టంలో రాసుకున్నారు. 2017 ఏప్రిల్ 1న అదే జరిగింది. అంతకుముందు 5 సెంట్లు కట్టి కొన్న డబ్బాకూ ఆ రోజు నుంచి 10 ఇచ్చారు. దాచినవాళ్లకు కలిసొచ్చింది.

అయితే ఆ డబ్బాల మీద అప్పటికే డిపాజిట్ ఉంది. మీ ఆయన పోగేస్తానంటున్న వాటిమీద ఏముంది? టాస్మాక్ పద్ధతిలో కూడా స్టిక్కరున్న సీసాకే 10 రూపాయలు. కొన్నప్పుడు ఎవరూ కట్టని డబ్బు తర్వాత ఎవరిస్తారు? చట్టం రేపే వచ్చినా, ఇవాళ మూటగట్టిన వాటర్ బాటిల్ కిలోల లెక్కన పోవాల్సిందే.

పైగా ఆ 'రేపు' ఎప్పుడో! 1971లో బీరు, సోడాలకు చట్టం చేసిన ఒరెగాన్‌లోనే నీళ్ల బాటిల్ దాకా రావడానికి 2009 అయింది. టీ, కాఫీ, పళ్లరసాలకు 2018. మన దగ్గర టాస్మాక్ సీసాల పద్ధతి నీలగిరిలో 2022లో మొదలైంది, అదీ అడవిలో పగిలిన సీసాలు ఏనుగుల కాళ్లలో గుచ్చుకుంటున్నాయని మద్రాసు హైకోర్టు పట్టుబడితే. తర్వాత ఒక్కో జిల్లాకూ పాకింది. చట్టం పాకుతూ వస్తుంది, వడ్డీ మాత్రం ఒకటో తారీకుకల్లా గుమ్మంలో ఉంటుంది.

సరే, స్టిక్కరు సీసాలే కొంటారనుకుందాం. జనం దగ్గర 8కి కొని 10కి ఇస్తే మిగిలేది 2 రూపాయలు. ఆ పదీ మీ ఆదాయం కాదు, తాగినవాడి డబ్బు మీ చేతుల మీదుగా పోతోందంతే. 4 లక్షలకు 12 శాతం వడ్డీ వేసుకున్నా నెలకు 4,000. గోడౌను అద్దె 12,000 అనుకోండి. నెలకు 8,000 సీసాలు చేతులు మారితే గానీ మీ ఇంట్లోకి మొదటి రూపాయి రాదు. ఆటో కూలి, పగిలినవి నేను లెక్కలో వెయ్యలేదు.

చట్టం ఉంటే వ్యాపారం దానంతటదే నడుస్తుందనీ అనుకోకండి. కాలిఫోర్నియాలో డబ్బాలు తీసుకునే కేంద్రాలు నడిపిన రీప్లానెట్ అనే పెద్ద కంపెనీ 2019 ఆగస్టులో తన 284 కేంద్రాలనూ ఒక్కసారిగా మూసేసింది. డిపాజిట్ చట్టం అప్పుడూ ఉంది. పాత ప్లాస్టిక్, అల్యూమినియం ధరలు పడిపోయాయి, ఖర్చులు పెరిగాయి.

నిజానికి మీరు చూసుకోవాల్సింది ఇంకొకటుంది. గాజు సీసాలు తాగినవాళ్లే తిరిగిచ్చేస్తే కొట్టుకు వచ్చే సీసాలు తగ్గుతాయి. ఆ లోటు అట్టపెట్టెలతోనో, ఇనుముతోనో పూడ్చుకోవాలి. వాటర్ బాటిళ్లను మూతలు తీసి, రంగుల వారీగా వేరుచేసి అమ్మితే కలగలుపు సరుకు కంటే మంచి ధర అడగొచ్చు. దానికి అప్పు అక్కర్లేదు. కాటా, చిన్న షెడ్డులాంటివాటికి డబ్బు కావాలంటే ముందు ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం చేసే నమోదు) చేయించండి, అది ఉచితం. ఆపైన బ్యాంకులో ముద్ర లోను, అంటే చిన్న వ్యాపారాలకిచ్చే ప్రభుత్వ పథకం అప్పు, అడగండి. అందులో శిశు అనే రకం కింద 50,000, కిశోర్ కింద 5 లక్షల దాకా, తాకట్టు లేకుండా ఇస్తారు.

ఆయన పట్టు వదలకపోతే, గోడౌను మాట ఎత్తకుండా ఒక నెల కొట్టు దగ్గరే స్టిక్కరు సీసాలు కొని చూడమనండి. గోనెసంచితో వెళ్తే టాస్మాక్ కొట్టువాళ్లు తీసుకుంటారో, వెనక్కి పంపుతారో మొదటి వారంలోనే తేలిపోతుంది. ఆ లెక్క రాసి పంపండి, మళ్లీ మాట్లాడుకుందాం.