పేరు మారిన లైబ్రరీ, ఆగిపోయిన యాప్

ప్రశ్న: మాది మద్దిలపాలెం, డిగ్రీ ఫైనలియర్. మా అన్నయ్య వాడి వదిలేసిన ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 24.04 (విండోస్‌కి బదులు వాడే లినక్స్ సిస్టమ్) వేసుకున్నాను. కోచింగ్ వాళ్లు ఆన్‌లైన్ క్లాసుల యాప్ అని ఒక డెబ్ ఫైలు (ఉబుంటులో ప్రోగ్రాము ఇన్‌స్టాల్ చేసే ఫైలు) పంపారు. డీపీకేజీతో ఇన్‌స్టాల్ చేస్తే డిపెండెన్సీ ప్రాబ్లమ్స్ అని ఎర్రర్, లిబ్‌ఏసౌండ్2 లేదట. పోనీ అని ఆప్ట్‌తో దాన్ని వేయబోతే ‘నో ఇన్‌స్టాలేషన్ క్యాండిడేట్’ అంది. ఆ ఫైలు నెట్‌లో ఎక్కడైనా దొరికితే తెచ్చి వేసేయనా? సోమవారం నుంచి క్లాసులు, టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: నెట్‌లోంచి మాత్రం తేకండి. మీ ల్యాప్‌టాప్‌లో ఏదీ పాడవలేదు, సోమవారం దాకా ఆగక్కర్లేదు, ఈ సాయంత్రమే అయిపోతుంది.

ముందు అసలేం జరిగిందో చూడండి. డీపీకేజీ అంటే మీరిచ్చిన సంచిని ఇంట్లో దింపే మనిషి అనుకోండి. సంచిలో ఒక చీటీ ఉంటుంది, దీంతోపాటు ఫలానా సరుకులు కూడా ఉండాలని. ఆ సరుకులే డిపెండెన్సీలు. అవి ఇంట్లో లేవని చెప్పడం వరకే డీపీకేజీ పని. ఆ చీటీ పట్టుకుని పూర్ణా మార్కెట్‌కి వెళ్లి అన్నీ తెచ్చేది ఆప్ట్. మరి ఆప్ట్‌ని అడిగినా లేదంది కదా అంటారు. లేక కాదు, పేరు మారింది.

ఉబుంటు 24.04లో ఆ లైబ్రరీ (ప్రోగ్రాములు పంచుకుని వాడుకునే కోడ్, ఇక్కడ సౌండ్ కోసం) పేరు లిబ్‌ఏసౌండ్2టీ64. కొన్ని 32 బిట్ సిస్టమ్‌లలో టైమ్ లెక్క 2038 జనవరి 19తో నిండిపోతుంది, దాన్ని సరిచేయడానికి డెబియన్, ఉబుంటు వాళ్లు చాలా లైబ్రరీలను 64 బిట్ టైమ్‌తో మళ్లీ తయారుచేసి పేర్ల చివర టీ64 చేర్చారు. మీ 64 బిట్ ల్యాప్‌టాప్‌ వరకు సరుకు అదే, మూత మీద పేరే వేరు. మీకొచ్చిన ఎర్రర్‌ని ఇంకోసారి పై నుంచి చదవండి, చివరి లైను ఒక్కటే కాదు. లిబ్‌ఏసౌండ్2 అనేది వర్చువల్ ప్యాకేజీ (పేరే తప్ప సొంత ఫైలు లేనిది), దాన్ని ఫలానావి ఇస్తాయి, ఒకటి ఎంచుకోండి అని అక్కడే రాసి ఉంటుంది. చాలామంది ఎర్ర అక్షరాల లైను చూసి కంగారుపడి పై నాలుగు లైన్లు వదిలేస్తారు, జవాబేమో వాటిలోనే ఉంటుంది.

ఆ జాబితాలో రెండో పేరు కూడా కనిపిస్తుంది, లిబ్‌ఓఎస్ఎస్4తో మొదలయ్యేది. దాన్ని ఎంచుకోకండి, ఇన్‌స్టాల్ అయినట్టే అయి యాప్‌లో సౌండ్ దగ్గర ఇబ్బంది పెడుతుంది.

ఇప్పుడు టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో) తెరిచి, ఇంగ్లీషు అక్షరాల్లోనే, ముందు సుడో ఆప్ట్ అప్‌డేట్ కొట్టండి. తర్వాత సుడో ఆప్ట్, ఖాళీ, రెండు హైఫన్లు పెట్టి ఫిక్స్-బ్రోకెన్, ఖాళీ, ఇన్‌స్టాల్, ఖాళీ, లిబ్‌ఏసౌండ్2టీ64 – ఇదంతా ఒకే లైనులో. సగంలో ఆగిన మీ యాప్‌ని కూడా ఇదే పూర్తిచేస్తుంది. వై నొక్కే ముందు ఒక్క క్షణం ఆగి, ఏవి తీసేస్తానంటోందో చూడండి, ఇది నేను ఎంత చెప్పినా తక్కువే. ఇంకేదైనా డిపెండెన్సీ దొరక్కపోతే ఫిక్స్-బ్రోకెన్ మీ యాప్‌నే తీసేసి అంతా బాగుందంటుంది. అలాంటప్పుడు ఎన్ నొక్కేసి, లేదంటున్న ఆ పేరేమిటో చూసుకోవాలి.

ఇకనుంచి డెబ్ ఫైలుకి డీపీకేజీ వద్దు. ఫైలు ఉన్న ఫోల్డర్‌లోకి వెళ్లి సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ అని, ఫైలు పేరుకి ముందు ఒక చుక్క, ఒక స్లాష్ పెట్టి రాయండి. అవి లేకపోతే ఆప్ట్ మీ ఫోల్డర్‌లో చూడకుండా తన దుకాణంలో వెతికి, దొరకలేదంటుంది.

నెట్‌లోంచి ఎందుకు వద్దన్నానంటే, నాలుగేళ్ల కిందట సీతమ్మధారలో ఒక స్నేహితుడి కంప్యూటర్‌కి నేనే ఆ పని చేశాను. వేరే వెర్షన్‌కి చెందిన లిబ్‌సీ6 తెచ్చి బలవంతంగా వేశాను. అన్ని ప్రోగ్రాములూ దాని మీదే నిలబడతాయి కాబట్టి ఆ తర్వాత ఫోల్డర్‌లో ఏమున్నాయో చూపే ఎల్ఎస్ లాంటి చిన్న కమాండ్ కూడా పనిచేయలేదు. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, వాళ్ల పాప ఫొటోలన్నీ బయటికి తీసి, మొదటి నుంచి ఉబుంటు వేసేసరికి ఆదివారమంతా గడిచిపోయింది.

ప్రశ్న: నాది ఉబుంటు 22.04. ఒక పాత సాఫ్ట్‌వేర్ లిబ్‌ఎస్ఎస్ఎల్1.1 కావాలంటోంది. ఇదీ పేరు మార్పేనా? లిబ్‌ఎస్ఎస్ఎల్3కి లింకు పెడితే సరిపోతుందని ఫ్రెండ్ అంటున్నాడు.
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: కాదండీ, ఇక్కడ సరుకే మారింది. నెట్ కనెక్షన్‌ని భద్రంగా ఉంచే ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో భాగమే ఈ లైబ్రరీ. 22.04 నుంచి ఉబుంటులో ఓపెన్ఎస్ఎస్ఎల్ 3 వస్తోంది, పాత 1.1 కోసం తయారైన ప్రోగ్రాముకి అది సరిపడదు, లింకు పెట్టినా ఉపయోగం లేదు. పాత లైబ్రరీనే తెచ్చి వేస్తే ప్రోగ్రాము నడవచ్చు గానీ, 1.1.1కి మామూలు సపోర్ట్ 2023 సెప్టెంబరులోనే ముగిసింది. పాస్‌వర్డ్‌లు, బ్యాంకు లావాదేవీలు నడిచే కంప్యూటర్‌లో అది ఉంచుకోవడం నాకు నచ్చదు. ఆ సాఫ్ట్‌వేర్‌కి కొత్త డెబ్ ఉందేమో ముందు చూడండి, లేదంటే ఫ్లాట్‌ప్యాక్ లేదా స్నాప్ రూపంలో వెతకండి, వాటికి కావాల్సిన లైబ్రరీలు విడిగా వాటితోనే వస్తాయి, మీ సిస్టమ్‌లో ఉన్నవాటి జోలికి పోవు.