నల్ల కోటు వేసుకుని ఇజ్రాయెల్ వద్దనేవాళ్ళు నిజంగా యూదులేనా?

ప్రశ్న: మొన్న వాట్సాప్‌లో ఒక వీడియో వచ్చిందండీ. నల్ల కోట్లు, పెద్ద టోపీలు, చెవుల పక్కన జుట్టు పాయలు వేలాడేసుకున్న పెద్దాళ్ళు పాలస్తీనా జెండా పట్టుకుని ఇజ్రాయెల్‌ని తిడుతున్నారు. మా ఫ్రెండేమో అంతా వేషం, డబ్బులిచ్చి నిలబెట్టారు అంటాడు. యూదులై ఉండి యూదుల దేశాన్నే వద్దంటారా? (ఒక పాఠకుడు, ఖమ్మం)

జవాబు: వేషం కాదండీ, పక్కా యూదులే. మీరు చూసింది బహుశా నెతురే కర్తా వాళ్ళని. 1938లో జెరూసలేంలో మొదలైన గ్రూపు, పేరుకి ఊరి కాపలాదారులు అని అర్థం. దాని వెనక జెరూసలేం తాల్ముద్‌లో (తాల్ముద్ అంటే యూదుల ధర్మ చర్చల పాత గ్రంథం) ఒక కథ ఉంది, రబ్బీలు, అంటే యూదుల మత గురువులు, ఒక ఊరెళ్ళి మీ కాపలా వాళ్ళని పిలవండి అంటే జనం తలారుల్ని తీసుకొచ్చారట, వీళ్ళా కాపలా, వీళ్ళు ఊరు పాడుచేసేవాళ్ళు, పిల్లలకి ధర్మశాస్త్రం చెప్పే పంతుళ్ళు కదా అసలు కాపలా అన్నారట.

ఇక వాళ్ళ లెక్కేంటంటే, పూర్వం జెరూసలేం గుడి కూలిపోయి దేశం పోవడం మన పాపాలకి దేవుడు వేసిన శిక్ష, మెస్సీయని పంపి ఆ శిక్ష తీసెయ్యాల్సింది కూడా ఆయనే, మధ్యలో మనమే తుపాకీ పట్టుకుని దేశం కట్టుకుంటే అది జైలు గోడ దూకి పారిపోవడం లాంటిది. బైబిల్ చదివేవాళ్ళకి పరమగీతం తెలిసే ఉంటుంది, యెరూషలేము కుమార్తెలతో ఒట్టు వేయించుకుని, ప్రేమని దానికి ఇష్టమయ్యేదాకా లేపొద్దు అనే మాట మూడుసార్లు వస్తుంది. తాల్ముద్‌లో కెతుబోత్ అనే భాగం ఆ మూడింటినీ మూడు ఒట్లుగా లెక్కేసింది. యూదులు గుంపుగా, బలవంతంగా ఆ నేల మీదకి పోకూడదు, లోకంలోని రాజ్యాల మీద తిరగబడకూడదు, ఆ రాజ్యాలు కూడా యూదుల్ని మరీ హింసించకూడదు. మూడోది హిట్లర్ తప్పాక మొదటి రెండూ ఎందుకు పాటించాలి అని అవతలి రబ్బీలు అడుగుతారు, అందులో న్యాయముందనే నాకనిపిస్తుంది.

ఇది నిన్నా మొన్నా పుట్టిన గొడవ కూడా కాదు. 1897లో హెర్జ్ల్ అనే నాయకుడు మొదటి జియోనిస్టు సభని (జియోనిస్టులంటే యూదులకి సొంత దేశం కావాలనేవాళ్ళు) మ్యూనిక్‌లో పెడదామనుకుంటే అక్కడి యూదులూ, జర్మనీ రబ్బీలూ ఒప్పుకోలేదు, చేసేది లేక స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌కి మార్చుకున్నాడు.

ప్రశ్న: ఇలాంటివాళ్ళు నలుగురేనా, ఎక్కువ మంది ఉన్నారా? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: నెతురే కర్తా చిన్న గుంపేనండీ, కెమెరాలకి ఎక్కువ దొరుకుతారు అంతే. అసలు బలం సత్మార్ హసీదులది, హసీదులంటే ఒక్కో గురువు వెనక నడిచే ఛాందస యూదులు. ఇప్పుడు రొమేనియాలో ఉన్న సాతు మారే ఊరి పేరు అది, వాళ్ళ గురువు జోయెల్ టైటెల్‌బామ్ యుద్ధం తర్వాత న్యూయార్క్‌లోని విలియమ్స్‌బర్గ్‌లో మకాం పెట్టి జనాన్ని మళ్ళీ కూడగట్టాడు. 1961లో ఆయన రాసిన వయోయెల్ మోషె అనే పుస్తకం ఈ మూడు ఒట్ల మీదే వాదన కట్టింది. న్యూయార్క్ రాష్ట్రంలో కిర్యాస్ జోయెల్ అని ఆయన పేరుతో ఏకంగా ఊరే ఉంది, ఇళ్ళల్లో వీధుల్లో అంతా యిద్దిష్ (తూర్పు యూరప్ యూదుల వాడుక భాష), ఎందుకంటే హీబ్రూ పవిత్ర భాష, కూరగాయల బేరానికి వాడే భాష కాదని వాళ్ళ పట్టుదల.

ఒక తమాషా చెప్పాలి. 1944లో హంగరీ నుంచి టైటెల్‌బామ్ ప్రాణాలతో బయటపడింది కాస్ట్నర్ అనే ఆయన నాజీలతో బేరమాడి యూదుల్ని దాటించిన రైలు ఎక్కి, ఆ కాస్ట్నర్ ఎవరయ్యా అంటే జియోనిస్టు! శిష్యులు మాత్రం దేవుడు కాపాడాడు అంటూ ఏటా యూదుల క్యాలెండర్‌లోని కిస్లేవ్ నెల 21న పండగ చేసుకుంటారు. ఎదుటివాళ్ళు దెప్పకుండా ఉంటారా, ఇప్పటికీ దెప్పుతూనే ఉంటారు.

అందర్నీ ఒకే గాటన కట్టకండి. హోలోకాస్ట్ (నాజీలు చేసిన యూదుల ఊచకోత) జరగలేదనే వాళ్ళకి వేదిక ఇచ్చిన 2006 టెహ్రాన్ సభకి నెతురే కర్తా మనుషులు కొందరు వెళ్తే, సత్మార్ పెద్దలే వాళ్ళని దుమ్మెత్తి పోశారు. నాకూ అది సిగ్గుమాలిన పనే అనిపించింది.

ప్రశ్న: మరి ఇజ్రాయెల్‌లోనే ఉండి ఆ దేశాన్ని కాదంటే ఎలా కుదురుతుంది? (ఒక విద్యార్థి, విజయవాడ)

జవాబు: జెరూసలేంలోని మెయా షెఆరిమ్ పేట 1874 నాటిది, దేశం వచ్చింది 1948లో. అందుకే మేం ముందొచ్చాం, మీరు తర్వాత అంటారు. అక్కడి గట్టివాళ్ళు ఓటెయ్యరు, సర్కారు డబ్బు ముట్టరు, సైనికుల స్మారక దినాన సైరన్ మోగి ఊరంతా కార్లాపి నిలబడితే కొందరు సంచులు పట్టుకుని నడుచుకుంటూ పోతారు, మర్నాడు స్వాతంత్ర్య దినాన సంతాపంగా గోనెపట్ట కట్టుకుని ఏడుస్తారు.

వీళ్ళకీ మామూలు వాళ్ళకీ మధ్యలో అగుదా అనే ఛాందస యూదుల పార్టీ వాళ్ళున్నారు, ఇదో వింత. పార్లమెంటులో కూర్చుంటారు, బడ్జెట్‌లో వాటా తెచ్చుకుంటారు, కానీ మంత్రి పదవి తీసుకుంటే దేశం చేసే ప్రతి పనికీ మేమూ బాధ్యులమే అవుతాం కదా అని ఏళ్ళ తరబడి ఉపమంత్రి పేరుతోనే శాఖ మొత్తం నడిపించారు. 2015లో సుప్రీంకోర్టు ఆ ఏర్పాటు చెల్లదంటే వాళ్ళ పెద్దాయన లిట్జ్‌మన్ ఆరోగ్య మంత్రిగా ప్రమాణం చెయ్యక తప్పలేదు.

ఇప్పుడు అసలు తలనొప్పి తప్పనిసరి మిలిటరీ డ్యూటీ. మొదటి ప్రధాని బెన్ గురియన్ 1948లో 400 మంది యెషివా (యూదుల మత పాఠశాల) విద్యార్థులకి మినహాయింపిచ్చాడు, అది పెరిగి పెరిగి వేలల్లోకి పోయింది, 2024 జూన్ 25న సుప్రీంకోర్టు వీళ్ళనీ తీసుకోవాల్సిందే అని ఏకగ్రీవంగా చెప్పింది. చస్తాం గానీ సైన్యంలో చేరం అని నినాదాలు చేస్తూ రోడ్ల మీద కూర్చుంటున్నారు. ఆ గుంపులో సర్కారు డబ్బు తీసుకునేవాడూ ఉంటాడు, ముట్టనివాడూ ఉంటాడు, కోటు చూసి మాత్రం ఎవరెవరో చెప్పలేం.