పిల్లల అకౌంటుకి గార్డియన్‌గా ఉన్న తండ్రి పోతే, డబ్బు తీయడానికి కోర్టుకు వెళ్లాల్సిందేనా?

అక్కర్లేదండీ. తల్లి ఉండగా కోర్టెందుకు? మీ బావగారు పోయాక పిల్లల అకౌంట్లు ఆగిపోయాయని, బ్యాంకువాళ్లు సక్సెషన్ సర్టిఫికెట్ (వారసులెవరో చెప్పే కోర్టు కాగితం) తెమ్మంటున్నారని, మీ అక్కగారు ఒక్కరే తిరుగుతున్నారని మీరు రాసింది చదివితే 2019లో తెనాలిలో నేను తిరిగిన తిరుగుడంతా గుర్తొచ్చింది. అందుకే పనులన్నీ పక్కన పెట్టి రాస్తున్నాను.

మా ఆయన పోయేనాటికి పాపకి ఆరేళ్లు. దాని పేరు మీద బ్యాంకులో ఒక సేవింగ్స్ అకౌంటు, పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి (ఆడపిల్లల పేరిట కట్టే పొదుపు పథకం) ఖాతా ఉండేవి. రెంటికీ గార్డియన్ ఆయనే. బారసాలకీ అన్నప్రాసనకీ వచ్చిన చదివింపులు, పండక్కి తాతయ్య చేతిలో పెట్టిన వందా రెండొందలూ అన్నీ ఆ బ్యాంకు అకౌంట్లోనే వేసేవారు. అరవై వేల పైచిలుకు అయింది. జూన్‌లో స్కూలు ఫీజు కట్టాలి. ఆయన సొంత అకౌంటు ఎలాగూ ఆగిపోయింది, పాప డబ్బయినా తీద్దామని పెద్దకర్మ అయిన నాలుగో రోజు నాన్నని తోడు తీసుకుని బ్యాంకుకి వెళ్లాను.

కౌంటర్లో కుర్రాడు పాస్‌బుక్కు తిరగేసి, "గార్డియన్ సంతకం కావాలి మేడమ్, సార్‌ని ఒకసారి రమ్మనండి" అన్నాడు. నాన్న మొహం పక్కకి తిప్పుకున్నారు. ఆయన లేరని నేనే చెప్పాను. ఆ అబ్బాయి నొచ్చుకున్నాడు పాపం. నొచ్చుకుని ఏం చేశాడయ్యా అంటే, డెత్ క్లెయిమ్ ఫారాలు తీసి నా చేతిలో పెట్టాడు. నామినీ ఎవరన్నాడు. పాప అకౌంటుకి నామినీని పెట్టలేదు. అయితే తహసీల్దారు దగ్గర ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెమ్మన్నాడు. అది తెచ్చేసరికి సీట్లో ఇంకొకరున్నారు, ఆయన సక్సెషన్ సర్టిఫికెట్ అన్నాడు. ప్లీడరు గారిని అడిగితే పాతిక వేలవుతుందన్నారు. అరవై వేలు తీసుకోవడానికి పాతిక వేలు!

ఈలోగా మా ఆయన అన్నగారు, అంటే మా బావగారు, "ఆడమనిషివి, నువ్వెక్కడ తిరుగుతావమ్మా, నా పేరు గార్డియన్‌గా పెట్టెయ్" అని మొదలుపెట్టారు. ఆయన మనసులో ఏముందో నేను చెప్పలేను గానీ, నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అలా నెలన్నర గడిచింది. ఒకరోజు అదే బ్రాంచిలో గోల్డ్ లోన్ల దగ్గర కూర్చునే పెద్దావిడ నన్ను పిలిచి, "రోజూ వస్తున్నావు, ఏమిటమ్మా సంగతి?" అని అడిగారు. చెప్పాను. ఫారాలు చూసి నవ్వేశారు. "పోయింది అకౌంటుదారు కాదు కదమ్మా! డబ్బు పాపది, పాప బడిలో ఉంది. ఎవరి క్లెయిమ్ ఇది? గార్డియన్ మార్పు అని తెల్లకాగితం మీద రాసివ్వు" అన్నారు.

అంతేనండీ. నెలన్నరగా నేను తప్పు ఫారం పట్టుకుని తిరిగాను. మీ అక్కగారు కూడా అదే చేస్తున్నారని నా పందెం. కౌంటర్ దగ్గరికి వెళ్లి "మా ఆయన చనిపోయారు" అని మొదలుపెడితే వాళ్ల చెయ్యి దానంతటదే క్లెయిమ్ ఫారాల వైపు వెళ్తుంది. "మా పాప అకౌంట్లో గార్డియన్‌ని మార్చాలి" అని మొదలుపెట్టమనండి.

అర్జీతో పాటు డెత్ సర్టిఫికెట్, పాప బర్త్ సర్టిఫికెట్, నా ఆధార్, పాన్, ఫొటోలు ఇచ్చాను. అక్కడ ఇంకో మెలిక. బర్త్ సర్టిఫికెట్లో నా పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉంది, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరుతో. ఇద్దరూ ఒకరేనని నోటరీ చేయించిన అఫిడవిట్ ఇవ్వాల్సొచ్చింది. పెళ్లయితే ఇంటిపేరు మార్చమనేదీ వీళ్లే, మార్చాక నువ్వెవరనేదీ వీళ్లే. డబ్బు పాప అవసరాలకే వాడతానని ఒక డిక్లరేషన్ కూడా రాయించుకున్నారు. నాలుగో రోజుకి పనైపోయింది.

మాది హిందూ కుటుంబం కాబట్టి 1956 మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం తండ్రి తర్వాత సహజ సంరక్షకురాలు తల్లే. బావగారూ కాదు, మామగారూ కాదు. 1999లో గీతా హరిహరన్ గారి కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, తండ్రి బతికి ఉన్నా పిల్లల బాగోగులు చూసుకోని పరిస్థితిలో తల్లే గార్డియన్ కావచ్చంది. ఆ కేసు మొదలైంది కూడా కొడుకు పేరు మీద కొనే బాండ్ల దరఖాస్తులో తల్లి సంతకం చెల్లదన్నందుకే. సాధారణంగా తల్లీతండ్రీ ఇద్దరూ లేకపోతేనే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టు ఆర్డరు తెచ్చుకోవాలి.

అసలు నా కడుపుమంట వేరే. తండ్రి నిక్షేపంగా ఉండగా కూడా తల్లిని గార్డియన్‌గా పెట్టి పిల్లల డిపాజిట్లు తెరవచ్చని రిజర్వ్ బ్యాంకు 1976లోనే బ్యాంకులకి చెప్పింది. ఏ మతంవాళ్లయినా సరే. మరి మన ఇళ్లల్లో ఎందుకు పెట్టరు? ఫారం తెచ్చేది మగవాడు, నింపేది మగవాడు, కాబట్టి సంతకమూ ఆయనదే. బ్యాంకు పని ఎప్పుడూ చెయ్యనివ్వని మనిషి పోయిన పదిహేను రోజులకే భార్య ఆఫీసర్లా ఫైళ్లు మోయాలి. మా ఆయన మంచివారే, అయినా ఈ విషయంలో నాకు ఇప్పటికీ కోపమే.

సుకన్య సంగతి చెప్పడం మరిచాను. దాన్ని మూసేసి చీటీలో పెట్టమని చుట్టాలందరూ సలహా. గార్డియన్ పోయి ఇబ్బందుల్లో ఉంటే మూసుకునే వీలుంది, అదీ అయిదేళ్లు నిండాకే. మాది 2015లో తెరిచింది, నిండలేదు. అదే మంచిదయింది. అక్కడా నా పేరు ఎక్కించుకుని ఏటా కడుతున్నాను. ఒక ఏడు కనీసం 250 కూడా కట్టడం మరిచిపోతే 50 రూపాయలు జరిమానా వేశారు, అంతే.

మీ మేనకోడలికి పదేళ్లు దాటాయేమో చూడండి. పదేళ్లు నిండిన పిల్లలు, బ్యాంకు పెట్టిన పరిమితుల్లో, అకౌంటు సొంతంగా నడుపుకోవచ్చని 2025లో రిజర్వ్ బ్యాంకు మళ్లీ స్పష్టంగా చెప్పింది. మా పాప పన్నెండేళ్లకి తనే సంతకం చేసింది, నాలుక బయటపెట్టి, పెన్ను గట్టిగా నొక్కి.

ఇంకా కోర్టు కాగితమే అంటే రాతపూర్వకంగా ఇవ్వమనండి. సగంమంది అక్కడే వెనక్కి తగ్గుతారు. తగ్గకపోతే రాసి ఫిర్యాదు ఇవ్వండి, 30 రోజుల్లో తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. వివరాలకి 14448కి ఫోన్ చెయ్యండి.

డెత్ సర్టిఫికెట్ ఒరిజినల్ మాత్రం ఎవరికీ ఇవ్వనివ్వకండి, చూపించి జిరాక్స్ ఇమ్మనండి. నాది ఒకటి ఇప్పటికీ ఆ బ్రాంచిలోనే ఏదో ఫైల్లో ఉంది.